పేరు అడగకముందే చేయి అందించే తీరం

వాడరేవు: కార్తీక పౌర్ణమి నాడు తెల్లవారకముందే చీరాల - వాడరేవు రోడ్డు మేలుకొంటుంది. నరసరావుపేట, చిలకలూరిపేట, పర్చూరు వైపుల నుంచి ఆటోలు, ట్రాక్టర్లు, బస్సులు, కార్లు ఒకదాని వెనుక ఒకటిగా సముద్రం వైపు సాగుతాయి. ఏడాదంతా పత్తి, మిరప చేలలో గడిపే మెట్ట జనం ఆ ఒక్క పూట ఉప్పునీట మునిగి, ఇసుకతో శివలింగం చేసి, అరటి దొప్పలో దీపం వెలిగించి అలల మీద వదులుతారు.

ఆ వేల జనంలో ఎవరికి ఎవరూ తెలియదు. అయినా తీరం వెంట కాసేపు నడిచిన వారికి ఒక సంగతి కంటబడుతుంది. అల చూసి జంకి ఒడ్డునే నిలిచిపోయిన ముసలమ్మను పక్కనున్న పడుచు "రా అమ్మమ్మా, నా చెయ్యి పట్టుకో" అని పిలుస్తుంది. ఇద్దరూ కలిసి మూడు మునకలు వేస్తారు. పైకి వచ్చాక ఎవరి దారి వారిది. ఆ అమ్మాయిది ఏ ఊరో, ఏ కులమో ముసలమ్మకు తెలియదు. తెలుసుకోవాలన్న ఆలోచన కూడా రాదు. సముద్రుడికి పెట్టిన దండమే ఆ అమ్మాయికీ పెట్టి, తడిచీర పిండుకుంటూ వెళ్ళిపోతుంది.

మునక కోసం వచ్చిన పుణ్యం ఆ నీళ్ళలో ఉన్నదో లేదో పెద్దలు చెప్పాలి. ఆ చేతిలో మాత్రం ఉన్నది.

నీళ్ళలో ఉన్నవాడికి పేరేమిటి?

చీరాలకు ఆరేడు కిలోమీటర్ల దూరంలోని ఈ పల్లెకు ఓడల రేవు కావడం వల్లనే ఈ పేరు వచ్చిందంటారు. మొదట గుంటూరు జిల్లాలో, 1970 నుంచి ఒంగోలు కేంద్రంగా ఏర్పడిన జిల్లాలో ఉన్న ఈ ప్రాంతం 2022 ఏప్రిల్ నుంచి బాపట్ల జిల్లాలో చేరింది. జిల్లా పేర్లు మారినా పల్లెవారి బ్రతుకు సముద్రం మీదనే. వల లాగే వేళ ఒడ్డున నిలబడి చూసే పొరుగూరి మనిషి కూడా ఊరుకోలేడు. తానూ వెళ్ళి తాడు పట్టుకుంటాడు. వద్దనేవారు ఉండరు. తాడు పట్టిన చేతికి గుప్పెడు చేపలు పెట్టి పంపడం తీరం మర్యాద.

ఈ తీరానికి మరో ముఖం కూడా ఉన్నది. స్నానానికి, షికారుకు వచ్చి ప్రాణాలు పోగొట్టుకొన్నవారి కన్నవారు ఈ ఇసుకలోనే కూలబడి ఏడుస్తారు. 2022 అక్టోబరులో సూర్యలంక వద్ద విజయవాడ విద్యార్థులు, 2024 జూన్‌లో రామాపురం వద్ద ఏలూరు జిల్లా యువకులు సముద్రంలో మునిగి చనిపోయారు. సెలవు రోజులొస్తే పోలీసులకు, పల్లెవారికి గుండె గుప్పిట్లో పెట్టుకున్నట్లే.

ఈ ప్రమాదాలకు పెద్ద అలలే కారణమని వచ్చినవారు అనుకుంటారు. అనుభవం గల మత్స్యకారులు వేరే మాట చెబుతారు. ఒడ్డుకు కొట్టిన నీరు తిరిగి లోపలికి పోవాలి. అది ఇసుక తిన్నెల మధ్య సందు చూసుకొని ఒకే చోట గుంపుగా వెనక్కి పరుగెత్తుతుంది. అక్కడ అలలు విరగవు. పైకి నీరు నెమ్మదిగా కనిపిస్తుంది. తెలియనివారు అదే మంచి చోటని దిగుతారు. దిగినవారిని ఆ నీరు లోపలికి లాగేస్తుంది. ఎదురీదితే శక్తి ఉడిగిపోతుంది. ఒడ్డు వెంట పక్కకు ఈదితే కొంత దూరంలో ఆ లాగుడు తప్పి, అలలే తిరిగి ఒడ్డుకు తెస్తాయి. ఈ ఒక్క ముక్క తెలియక పోయిన ప్రాణాలు ఎన్నో!

కేక వినిపించగానే ముందుగా దూకేది పల్లె కుర్రవాళ్ళు. మునిగేవాడు దొరికినదాన్నల్లా వాటేసుకొంటాడు గనుక రక్షించబోయినవాడికీ చావు తప్పని సందర్భాలుంటాయి. అందుకే ఎదురుగా పోరు. వెనుక నుంచి వెళ్ళి జుట్టో, చొక్కా కాలరో అందుకొని లాగుతారు. ఇంత ప్రమాదం ఎందుకు, వాడు మీకేమవుతాడని అడిగితే పల్లెలో వచ్చే జవాబు ఒక్కటే: "నీళ్ళలో ఉన్నోడికి పేరేంటయ్యా? ముందు ఒడ్డుకు రానీ, ఎవురో అప్పుడు అడుగుదాం."

పల్లెవారు దేవతలేమీ కారు. 2020 డిసెంబరులో వలల విషయమై వాడరేవు, కఠారివారిపాలెం మత్స్యకారుల మధ్య ఘర్షణ జరిగింది. బ్రతుకుతెరువు దగ్గర తగాదాలు వారికీ ఉన్నాయి. కాని ఎవరన్నది ముందు అడగని గుణం వారికి సముద్రం నేర్పింది. ఈ రోజు మునిగేది ఎవరి బిడ్డో అయితే రేపు మునిగేది తన బిడ్డే కావచ్చునని రోజూ సముద్రం మీదికి పోయేవాడికి ఒకరు చెప్పనక్కరలేదు.

ఆ శనివారం రాత్రి

1977 నవంబరు 19 శనివారం. ఆనాటి తుపాను చీరాల దగ్గరనే తీరం దాటింది. కాని ఉప్పెన విరుచుకుపడింది ఇక్కడికి ఈశాన్యంగా, కృష్ణ ముఖద్వారాన ఉన్న దివిసీమ మీద. మన వైపు తుపాను గాలి గడియారం ముల్లు తిరిగే దిక్కుకు ఎదురుగా తిరుగుతుంది. అందువల్ల తీరం దాటే చోటికి కుడివైపున గాలి సముద్రాన్ని నేల మీదికి తోస్తుంది, ఎడమవైపున నేల నుంచి వెనక్కి తోస్తుంది. దివిసీమ ఆ కుడివైపున ఉన్నది. సర్కారు లెక్క ప్రకారమే పోయిన ప్రాణాలు సుమారు 10 వేలు. వాస్తవానికి అంతకన్న చాలా ఎక్కువని ఆనాటి వారు చెబుతారు.

ఆ తరువాత జరిగినది మరచిపోరానిది. నీరు తీసిన పొలాల్లో శవాలు గుట్టలుగా పడి ఉన్నాయి. గుర్తు పట్టడానికి బంధువులే మిగలని కుటుంబాలు అనేకం. దూర ప్రాంతాల నుంచి స్వచ్ఛంద సేవకులు వచ్చి, ముక్కుకు గుడ్డ కట్టుకొని, ఆ శవాలను మోసి సామూహికంగా దహనం చేశారు. చనిపోయినవాడు తిరిగి కృతజ్ఞత చెప్పడు. ఏ కర్మకాండ ప్రకారం పంపాలో కూడా ఎవరికీ తెలియదు. ఊరూ పేరూ తెలియని శవానికి కొరివి పెట్టిన వారికి అందులో మిగిలేదేమీ లేదు. మనిషికి మనిషి చేయగల చివరి ఉపకారం అదే. అవనిగడ్డకు చెందిన ఆనాటి మంత్రి మండలి వెంకట కృష్ణారావు సహాయ, పునరావాస కార్యక్రమాల్లో నెలల తరబడి ఆ సీమలోనే తిరిగారు. ఆ విషాదం తరువాతనే కోస్తా వెంట తుపాను రక్షిత భవనాలు విరివిగా వెలిశాయి. నేడు హెచ్చరిక వస్తే అన్ని కులాల వారూ ఒకే కప్పు కింద, ఒకే కుండ అన్నం తిని పడుకొంటారు.

ధాత కరువు నాటి కూలి

ఇంకా వెనక్కి వెళితే 1876 - 78 మధ్య దక్షిణ దేశాన్ని పీడించిన మహా కరువు కనిపిస్తుంది. ధాత నామ సంవత్సరంలో వచ్చింది గనుక మనవారు ధాత కరువన్నారు. పెదగంజాం నుంచి మద్రాసు వైపు సాగే బకింగ్‌హాం కాలువ తవ్వకాన్ని అప్పటి ప్రభుత్వం కరువు పనిగా చేపట్టింది. ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ అందులో మూడున్నర మైళ్ళ పనికి కాంట్రాక్టు తీసుకొన్నారు. లాభం కోసం కాదు, ఆకలితో వచ్చిన వారికి కూలి దొరకాలని.

మతం మార్చడమే వృత్తిగా వచ్చిన ఆ దొర కరువు పని సాగినంత కాలం ఒక నియమం పెట్టుకొన్నారు. ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. అన్నం కోసం దేవుణ్ణి ఒప్పుకొన్నామనే మాట ఎవరి నోటా రాకూడదనుకొన్నారు. కరువు పని ముగిసిన తరువాతనే, 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. మతం విషయంలో ఎవరి అభిప్రాయం వారిది. ఆకలితో ఉన్నవాడిని నీ దేవుడెవరని అడగకుండా ముందు పలుగూ పారా ఇచ్చి, సాయంత్రానికి కూలి చేతిలో పెట్టడం మాత్రం ఏ మతం వారైనా మెచ్చుకోదగిన పని.

మిరప కోతల చుట్టాలు

సముద్రం, ఉప్పెన, కరువు, ఇవన్నీ పెద్ద ఆపదలు. ఆపద వేళ మనసు దానంతటదే కరుగుతుంది. ఏ ఆపదా లేని మామూలు రోజున పరాయివాడు ఎదురైతే ఏమి చేస్తున్నామన్నదే అసలు పరీక్ష. ఆ పరీక్ష మన మెట్టలో ప్రతి ఏడాదీ జరుగుతున్నది.

సంక్రాంతి దాటాక మిరప కోతలు ముమ్మరమవుతాయి. కర్నూలు జిల్లా ఆదోని, కోసిగి, మంత్రాలయం ప్రాంతాల నుంచి కూలీలు పిల్లాపాపలతో గుంటూరు మెట్టకు తరలివస్తారు. పొలం గట్టున పరదా పట్టాలతో గుడిసె వేసుకొంటారు. రెండు మూడు నెలలు అదే ఇల్లు. పొద్దస్తమానం కాయ కోసిన చేతులు రాత్రంతా మండుతూనే ఉంటాయి. ఆ చేత్తో కళ్ళు తుడుచుకోను లేదు, పసిబిడ్డను ఎత్తుకోను లేదు. బడి మానుకొని వచ్చిన పిల్లలు కల్లంలో కాయల మధ్యనే ఆడుకొంటారు.

వారి మాటలో యాస వేరు. వారి రొట్టె వేరు. ఊరివారికి వారు "కర్నూలోళ్ళు" మాత్రమే. అయితే సాయంత్రం బిందె పట్టుకొని పంపు దగ్గరకు వచ్చిన ఆ ఊరుగాని ఊరి ఆడమనిషికి చోటిచ్చి, "ముందు నువ్వు పట్టుకో అక్కా, చంటిబిడ్డ తల్లివి" అనే ఇల్లాలు కూడా ఆ ఊళ్ళలోనే కనిపిస్తుంది. చేతుల మంటకు రాసుకొమ్మని కాస్త కొబ్బరినూనె, బిడ్డకు ఇంత పెరుగన్నం ఇచ్చే తల్లులున్నారు. కోతలు ముగిసి వెళ్ళేటప్పుడు ఆ బంధం ఎక్కడా కాగితం మీద ఉండదు. మరుసటి ఏడు అదే మనిషి అదే గడపలో నిలబడి "బాగుండావా అమ్మా" అన్నప్పుడు గాని అది బంధమని తెలియదు.

పంపు దగ్గర కసిరి పంపే వారు లేరా అంటే, ఉన్నారు. ఈ నేల మీద నీటి దగ్గర జరిగినది వింటే ఆ కసురు ఎక్కడిదాకా పోగలదో తెలుస్తుంది.

ఊరి చెరువు దగ్గర మొదలైన మంట

చీరాల నుంచి పర్చూరు వెళ్ళే దారిలో కారంచేడు ఉన్నది. 1985 జూలై 16న అక్కడ మాదిగపల్లె వారు తాగే నీటి చెరువు దగ్గర గేదెకు కుడితి పెట్టిన బకెట్టు కడుగుతుంటే, తాగే నీరు పాడవుతుందని పల్లెవారు అడ్డు చెప్పారు. నీళ్ళకు వచ్చిన ఒక మహిళ మీద చేయి చేసుకోబోతే ఆమె బిందె ఎత్తి ఎదిరించిందని ఆనాటి కథనాలు. మరునాడు, జూలై 17న అగ్రకులానికి చెందిన వందలాది మంది ఆ పల్లె మీద పడ్డారు. ఆరుగురు దళితులు హతులయ్యారు. పొలాల్లో దాక్కొన్నవారిని కూడా వెదికి మరీ కొట్టారు. ఆడవారి మీద అత్యాచారాలు జరిగాయి.

చంపినవారికి చచ్చినవారు కొత్తవారు కారు. ఒకే ఊరు. వారి పొలాల్లోనే వీరి కూలి. ఒకరి పేరు ఒకరికి, తాతల పేర్లతో సహా తెలుసు. పేరు తెలిసినంత మాత్రాన మనిషి మనవాడు కాడని ఆ రోజు రుజువైంది.

ప్రాణాలు చేతబట్టుకొని ఆ పల్లె ప్రజలు కాలినడకన చీరాల చేరారు. చర్చి ఆవరణలో తలదాచుకొన్నారు. అక్కడే శిబిరం వెలిసింది. ముక్కూమొహం తెలియనివారు బియ్యం తెచ్చారు, బట్టలు తెచ్చారు, గాయాలకు కట్లు కట్టారు. కత్తి పద్మారావు, బొజ్జా తారకం వంటి వారి నాయకత్వంలో ఆ శిబిరం నుంచే దళిత మహాసభ ఉద్యమం లేచింది. బాధితులు తిరిగి ఊరికి పోలేదు. చీరాలలో విజయనగర్ కాలనీ వారి కొత్త ఊరైంది. దళితులు, గిరిజనులపై అత్యాచారాలను నిరోధించేందుకు 1989లో చట్టం రావడానికి దారి తీసిన ఘటనల్లో కారంచేడును ఒకటిగా చెబుతారు. సుప్రీంకోర్టు తుది తీర్పు 2008లో గాని రాలేదు. బిడ్డలను పోగొట్టుకొన్న తల్లులకు ఇరవై మూడేళ్ళ నిరీక్షణ.

ఈ కథ చెప్పకుండా మానవత్వం గురించి ఈ ప్రాంతంలో మాట్లాడడం అరకొర మాటే అవుతుంది. కొద్ది మైళ్ళ దూరంలో, ఒకే వారంలో రెండూ జరిగాయి. పొరుగువాడు పగవాడైనాడు. పరాయివాడు అన్నం పెట్టాడు.

చివరి గుక్కెడు నీళ్ళు

భాగవతంలో రంతిదేవుని కథ పోతన తెలుగువారికి అందించినదే. ఆ రాజు కుటుంబంతో సహా 48 రోజులు నిరాహారంగా ఉంటాడు. 49వ నాడు కొద్దిగా అన్నం, పాయసం, నీళ్ళు లభిస్తాయి. తినబోయే వేళకు ఒక బ్రాహ్మణుడు, ఆ తరువాత ఒక శూద్రుడు, మరికొంతసేపటికి కుక్కలను వెంటబెట్టుకొని ఇంకొకడు వస్తారు. ఉన్నదంతా అయిపోతుంది. మిగిలినవి ఒక్కడికి సరిపడే నీళ్ళు. అవి నోటి దగ్గర పెట్టుకొనేసరికి, అంటరానివాడని లోకం దూరం పెట్టిన ఒకడు వచ్చి దాహమంటాడు. రంతిదేవుడు ఆ నీళ్ళు కూడా అతనికి పోసేస్తాడు. తనకు మోక్షం అక్కరలేదని, ప్రాణుల దుఃఖం తాను మోస్తే చాలునని కోరుకొంటాడు. వచ్చినవారు దేవతలని చివరకు తెలుస్తుంది. కాని నీళ్ళు పోసేటప్పుడు ఆయనకు ఆ సంగతి తెలియదు. తెలిసి పోస్తే అందులో గొప్ప ఏమున్నది?

క్రైస్తవుల లూకా సువార్తలోనూ ఇటువంటి కథే ఉన్నది. యెరూషలేము నుంచి యెరికోకు పోయే దారిలో దొంగలు కొట్టి పడేసిన బాటసారిని పూజారి చూసి తప్పుకొని పోతాడు. గుడి సేవ చేసే లేవీయుడూ అంతే. అందరూ చిన్నచూపు చూసే సమరయ జాతివాడు మాత్రం ఆగి, గాయాలు కట్టి, తన గాడిద మీద ఎక్కించి, సత్రంలో దించి, ఖర్చులు కూడా ఇచ్చి పోతాడు. ఈ ముగ్గురిలో పొరుగువాడెవరో చెప్పమని ఏసు అడుగుతాడు.

ఆదివారం నాడు ఈ కథ విన్నవారు, సప్తాహంలో ఆ కథ విన్నవారు మన జిల్లాలో లక్షల మంది ఉన్నారు. విన్నది పంపు దగ్గర, బస్సులో, ఆసుపత్రి వరండాలో గుర్తుకు రావడమే కష్టం. నీటి దగ్గరే మనుషులు మృగాలైన నేల ఇది. నీటి దగ్గరే చేయి అందించిన మనుషులున్న నేల కూడా ఇదే. ఏది ఎంచుకోవాలన్నది దేవుడు మనకే వదిలిపెట్టాడు.

చేయవలసిన పనులు

పల్లె కుర్రవాళ్ళ తెగువ మీదనే తీరం భద్రతను వదిలేయడం న్యాయం కాదు. ఈ తీరంలో జనం దిగే ప్రతిచోటా శిక్షణ పొందిన ఈతగాళ్ళు పండుగ రోజుల్లోనే గాక ఏడాది పొడవునా ఉండాలి. లాగుడున్న చోట అందరికీ తెలిసే గుర్తులు పాతాలి. ఒడ్డు వెంట పక్కకు ఈదాలన్న సంగతి తీరానికి విహారయాత్రకు తెచ్చే ప్రతి బడి, ప్రతి కాలేజీ ముందుగా పిల్లలకు చెప్పాలి. పిడుగురాళ్ల నుంచి నరసరావుపేట, చిలకలూరిపేట, పర్చూరు మీదుగా వాడరేవుకు వచ్చే జాతీయ రహదారితో మెట్ట జనానికి సముద్రం మరింత దగ్గరవుతుంది. అలలు తెలియని వారి రాక ఇంకా పెరుగుతుంది. జాగ్రత్తలు కూడా అంతకంతకు పెరగాలి.

ఇక ఖర్చు లేని పని ఒకటి ప్రతి ఇంటివారి చేతిలోనూ ఉన్నది. గడప ముందు నిలిచిన కూలి మనిషికి లోటాతో నీళ్ళివ్వడం. అదీ మనం తాగే లోటాతోనే ఇవ్వడం.

పౌర్ణమి నాడు పొద్దెక్కేసరికి జనం పలచబడుతుంది. రాత్రి వదిలిన దీపాల దొప్పలు కొన్నిటిని అలలు తిరిగి ఒడ్డుకు తెచ్చి పడేస్తాయి. పల్లె పిల్లలు వాటిని ఏరుకొని ఆడుకొంటారు. ఏ దొప్ప ఎవరు వదిలారో చెప్పడం ఎవరి తరమూ కాదు. అన్నీ ఒకే సముద్రంలో తేలి వచ్చినవే.